కారం బండి

రెబ్కా పొద్దున్నే నింపుకొని పొలానికి తీసుకెళ్ళిన నీళ్ళసీసా సాయంత్రం నిండుగానే ఇంటికి తిరిగొచ్చింది.

జయరావు అరుగు మీద కూర్చుని దాన్ని చూశాడు. నిన్నా అంతే, మొన్నా అంతే. గుంటూరు ఆటోనగర్లో లారీల కింద వెల్లకిలా పడుకొని బతుకు వెళ్ళదీసిన మెకానిక్కు, మోకాళ్ళు మొరాయించి ఈ మిరపకోతల ముందే ఇంటిపట్టున చేరాడు. లారీలో చుక్క ఆయిలు కారితే ఇట్టే పట్టేసే ఆ కళ్ళకి ఇంట్లో సీసా కనపడటానికి ఇన్నాళ్ళు పట్టింది.

"ఏందే, నీళ్ళు తాగలా?"

"తాగలా."

"ఆ ఎండలో దప్పిక కాలా?"

"ఎందుక్కాదు?" రెబ్కా సంచి కొక్కేనికి తగిలించి, మిరపకాయల మంట తగ్గడానికి చేతులకి కొబ్బరినూనె పట్టించుకుంటూ అంది. "తాగితే పోవాలిగా. యాడికి పోతాం?"

జయరావుకి ఆ ముక్క సగమే అర్థమైంది. మిగతా సగం అర్థమైంది మర్నాడు మహిమ చేలో పడిపోయినప్పుడు.

మహిమ పక్కింటి పిల్ల, కొత్తగా పెళ్ళయి వచ్చింది. రెబ్కా మేస్త్రిగా ఉన్న కోతల ముఠాలో అందరికంటే చిన్నది, అందరికంటే చురుకైనది. కబురు తెలిసి జయరావు ఆటో మాట్లాడుకొని, ముఠా కోతకి పోయే రైతు శ్రీమన్నారాయణగారి చేను దగ్గరికి వెళ్ళాడు. పెళ్ళాం ఏళ్ళ తరబడి పనిచేసే చోటుని ఆయన కళ్ళారా చూడటం అదే మొదలు. నల్లరేగడి నేల, కనుచూపు మేర మోకాలెత్తు మిరపచెట్లు, వాటి అవతల ఏరేసిన పత్తిచేను. మనిషి చాటుకి పోదామంటే తుమ్మచెట్టు కాదుగదా తుప్ప కూడా లేదు. డొంకదారి వెంట ట్రాక్టర్లు తిరుగుతూనే ఉన్నాయి. ట్రాక్టరు తోలే కుర్రాడొకడు బండి ఆపి, దిగి, అటు తిరిగి నిలబడి, తన పని తాను చూసుకొని, ఈల వేసుకుంటూ ఎక్కి వెళ్ళిపోయాడు. జయరావుకి అప్పుడు అర్థమైంది. సిగ్గేసింది కూడా.

బ్రాడీపేట ఆసుపత్రిలో డాక్టరమ్మ మహిమని లోపల పరీక్ష చేసి గట్టిగానే కేకలేసింది. "రోజంతా నీళ్ళు తాగకుండా ఎండలో ఎలా ఉంటావమ్మా? ఒంట్లో ఇన్‌ఫెక్షను ఎంత ముదిరిందో తెలుసా? ఇలాగే చేస్తే మూత్రపిండాలు పాడవుతాయి."

"అందరం అట్టాగే ఉంటామండి," అంది మహిమ మెల్లగా. "చేతులకి మిరపకాయ మంట. ఆ చేతులతో పోతే ఇంకా మంటండి."

గుమ్మం బయట నిలబడ్డ జయరావు గోడ మీది బొమ్మలకేసి చూస్తూ ఉండిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో రెబ్కాని ఆనుకొని కూర్చున్న మహిమ కాస్త తేరుకొని నవ్వింది కూడా. "మనకంటే శ్రీమన్నారాయణగారి భార్యే నయం పెద్దమ్మా. మల్లేశ్వరమ్మగారు గొడుగేసుకొని గట్టు మీద కూర్చుందంటే సాయంత్రందాకా కదలదు, మెదలదు. మన చేతులకేసే చూస్తా ఉంటది."

"కావలి మరి. కాయ కొంగున కట్టుకుపోతామని," అంది రెబ్కా. పేట మలుపు దగ్గర మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, ఒక పాత బండి చూడు. చక్రాలు తిరిగితే చాలు. మాతోపాటు చేలోకి వచ్చే దొడ్డి కావాల మాకు. రెండో కోత నాటికి."

"బండిలో దొడ్డా?"

"లారీలో లంకంత కొంప కట్టుకొని తిరుగుతారు డ్రైవర్లు, నువ్వే చెప్పావుగా. మాకు దొడ్డి పట్టదా?"

జయరావు ఆటోలోనే తెలిసిన పాత బండ్ల కొట్లన్నీ గుర్తు చేసుకోవడం మొదలెట్టాడు. కాదన్నా రెబ్కా వినే రకం కాదు.

*

దొరికిన బండి రసూల్‌బీ కారంమిల్లుది. పాత మారుతీ వ్యాను. ఎన్నో ఏళ్ళు గుంటూరు కొట్లన్నిటికీ కారం బస్తాలు మోసి మోసి, మిల్లు వెనక రేకుల కింద చక్రాలు నేలలో దిగబడి కూర్చుంది.

"ఎవరూ కొనరన్నా దీన్ని," అంది రసూల్‌బీ దాపరికం లేకుండా. "కొనొచ్చినోళ్ళు తలుపు తియ్యగానే తుమ్ముకుంటా పోయారు. తుక్కోడు కూడా వద్దన్నాడు. దేనికి నీకు?"

జయరావు చెప్పాడు. రసూల్‌బీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఆయన్నే చూసింది. "తుక్కు రేటుకే తీసుకుపో," అంది చివరికి. "నా మిల్లులో ఆడోళ్ళకి లోపల ఉంది కాబట్టి సరిపోయింది. చేలో వాళ్ళ సంగతి నేనెప్పుడూ అనుకోలేదు అన్నా."

అలా కారం బండి జయరావు ఇంటి పక్క రేకులషెడ్డులోకి చేరింది. పేటంతా వచ్చి చూసి, ముక్కులు మూసుకొని వెళ్ళింది. దొడ్డికి తగిన బండే తెచ్చాడని ముసలాళ్ళు వేళాకోళం చేశారు.

ఇంజన్ల సంగతి తెలిసినవాడు కాబట్టి జయరావు కారాన్ని లెక్కచెయ్యలేదు. సీట్లు ఊడదీశాడు, కింద పరిచిన రబ్బరు చింపేశాడు, పైపు పెట్టి నీళ్ళు కొట్టాడు. ఎర్రటి నీళ్ళు ధారగా వచ్చి, ఆ తర్వాత తేటపడ్డాయి. తలుపు తియ్యగానే తుమ్ము రావడం మానింది. ఇంకేం, పనైపోయిందనుకున్నాడు. ఆ సాయంత్రమే వెల్డింగు మిషను తెచ్చి, మధ్యలో రేకు అడ్డం నిలపడానికి నేల మీద పట్టీ అతికించడం మొదలెట్టాడు.

వీధి అవతల చర్చిలో అప్పుడే ప్రార్థన కూడిక మొదలైంది.

బండి నేలకింద బోలు పట్టీలుంటాయి. చట్రానికి బలం ఇచ్చేవి. ఇన్నేళ్ళ కారమూ వాటిలో దిగి గడ్డకట్టి ఉంది. వెల్డింగు వేడికి అది మాడింది. పోపులో ఎండుమిర్చి మాడితే ఇల్లు ఖాళీ అవుతుందని అందరికీ తెలుసు, కానీ పోపుగిన్నె మారుతీ వ్యానంత ఉంటే ఏమవుతుందో ఆ పేటకి ఆ పూటే తెలిసింది. ముందు జయరావు షెడ్డులోంచి కళ్ళు మూసుకొని పరుగెత్తాడు, వెనకే పక్కింటి మేకలు. చర్చిలో పాస్టరుగారు "ప్రభువా" అని అందుకోబోయి దగ్గులో పడ్డారు. ఆమెన్ అనవలసినవాళ్ళంతా దగ్గుతూ వీధిలోకొచ్చారు. కాసేపు ఎవరి కళ్ళలోనూ నీళ్ళు ఆగలేదు. పాస్టరుగారు కొంగులతో కళ్ళొత్తుకునే ఆడవాళ్ళ మధ్య కండువాతో ముఖం తుడుచుకుంటూ, ఇంతమంది ఒక్కసారి ఏడ్చిన కూడిక తన సేవలో ఇదే మొదటిదన్నారు.

రెబ్కా నవ్వలేదు. మొగుడి కళ్ళకి మజ్జిగలో తడిపిన గుడ్డ వేసి, షెడ్డులోకెళ్ళి బండి చుట్టూ తిరిగొచ్చింది.

"నీళ్ళు పోశావా?"

"పోశా."

"నీళ్ళకి కారం పోద్దా? పరుచుకుంటది. మా చేతుల్ని అడిగితే చెప్పవా? ముందు నూనె, ఆ తర్వాతే సబ్బు," అంది. "ఆడోళ్ళు బట్ట పైకెత్తి కూర్చునే చోటయ్యా ఇది. ఇంత ఘాటు ఉంటే ఎట్టా?"

మర్నాటి నుంచి ముఠా కోత ముగించుకొచ్చి నేరుగా షెడ్డులోకి దిగింది. జయరావు తలుపుల లోపలి అట్టలు విప్పాడు. వాటి పొట్టలోంచి కారం ఇసకలా జారి పడింది. నేలకింద పట్టీలకి అక్కడక్కడా రంధ్రాలు వేసి, కంప్రెసరుతో గాలి కొట్టాడు. ఆడవాళ్ళు ముక్కులకి తడికొంగు బిగించుకొని, పాతగుడ్డలతో చవక నూనె పట్టించి, నానాక తుడిచి, కుంకుడుకాయ రసంతో రుద్ది, వేణ్ణీళ్ళతో కడిగారు. చెయ్యి దూరని సందులోకి మహిమ పుల్లకి గుడ్డ చుట్టి దూర్చింది. కోత చేసే చేతులు కదా, వేళ్ళకి కళ్ళున్నట్టే పోతున్నాయి. మూలలకీ మడతలకీ పోయి పట్టుకొస్తున్నాయి. జయరావు నట్లు విప్పడం ఆపి చూస్తుండిపోయాడు. ఆటోనగర్లో ఇంత శుభ్రంగా సర్వీసింగు చేసే షెడ్డు ఆయనకి ఒక్కటీ తెలీదు.

"అయిపోయింది," అన్నాడు.

"అయిందో లేదో నేను చెప్తా." రెబ్కా తెల్లగుడ్డ తడిపి బండి లోపల నేలా గోడా తలుపూ ఒత్తి ఒత్తి తుడిచింది. ఆ గుడ్డని మడిచి, మూసిన తన కంటిరెప్ప మీద పెట్టుకుంది.

రెబ్కా రెప్ప అదిరింది. నీరు కారింది.

"ఇంకా ఉంది," అంది. మళ్ళీ నూనెడబ్బా మూత తీశారు.

ఆ పరీక్ష చాలాసార్లు జరిగింది. చేతులు మొద్దుబారతాయి, నాలుక కారానికి అలవాటు పడింది, కంటిరెప్ప మాత్రం అబద్ధం ఆడదని రెబ్కా సిద్ధాంతం. చివరిసారి గుడ్డ కంటి మీద పెట్టుకొని నింపాదిగా నిలబడింది. తీసి, కళ్ళు తెరిచి, నవ్వింది. తెల్లటి కన్ను. జయరావు ఈ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశాడు, ఆమె పని చెయ్యడం ఎప్పుడూ చూడలేదు.

*

ఈ కడుగుడంతా జరుగుతుండగా జయరావు దొంగతనంగా ఇంకో పని చేస్తున్నాడు. చచ్చిన ఇంజన్ని బతికిస్తున్నాడు.

లారీ ఇంజన్ల ముందు అది కుట్టుమిషనంత. ముందు సీటు కింద ముడుచుకొని ఉంది. మొదట్లో చూసి నవ్వుకున్నాడు గాని, పాత ఇంజను కనిపిస్తే చేతులు ఊరుకోవు. పెట్రోలు గొట్టంలో తుప్పు దులిపాడు, ప్లగ్గులు గీకాడు, కార్బరేటరు విప్పి పళ్ళెంలో పరిచి మళ్ళీ బిగించాడు. ఒక పొద్దున బ్యాటరీ తగిలించి తాళం తిప్పితే, దగ్గి, గింజుకొని, అందుకుంది. షెడ్డంతా పొగ. జయరావు ముఖం చూస్తే కోతికి కొబ్బరికాయ దొరికినట్టుంది.

రెబ్కా పొయ్యి దగ్గర్నుంచి వచ్చి విన్నది. "బాగా పాడతందయ్యా," అంది మనస్ఫూర్తిగానే. కాసేపు ఆగి, "మరి డ్రమ్ము యాడ పెడతావు?" అంది.

అదీ సమస్య. దొడ్డిసీటు కింద డ్రమ్ము వేలాడాలి. నేలకి తగలకూడదు, సీటు మరీ ఎత్తు కాకూడదు. వెనకవైపు ఇరుసు అడ్డం. బండి మొత్తం మీద డ్రమ్ము పట్టేంత లోతు ఒక్కచోటే ఉంది, ఇంజను ఉన్నచోట. ఈ సంగతి జయరావుకి మొదటిరోజే తెలుసు. తెలిసీ ఎవరితోనూ అనలేదు.

"వెనక ఇరుసు మీద చిన్నది పెడదాం," అన్నాడు.

"చిన్నది పెడితే మధ్యాన్నానికే నిండుద్ది. అప్పుడు ఎవరో ఒకరు చేత్తో తియ్యాల." రెబ్కా గొంతు పెంచలేదు. "అది మాత్రం కుదరదయ్యా. మన తాతలు చేసింది చాలు. దీన్ని ఎవరూ చేత్తో ముట్టుకోకూడదు, మనమే కాదు, ఎవరూ."

జయరావు తాళం వెనక్కి తిప్పాడు. ఇంజను ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం ఒక్కడే షెడ్డులో కూర్చుని, బోల్టులన్నీ వరసగా విప్పి, గొలుసు వేసి, ఇంజన్ని పైకెత్తి బయట గోనెపట్టా మీద దించాడు. బతికించిన చేత్తోనే. దాని మీద ఇంకో గోనెపట్టా కప్పి లోపలికొచ్చి, ఆ ఖాళీలో నీలం డ్రమ్ము అమర్చాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది. కింద పెద్ద వాల్వూ, దానికి లావు గొట్టమూ బిగించాడు. ఇంటి వెనక గొయ్యి తవ్వి, సున్నం చల్లి, గొట్టం దాన్లోకి పెట్టి వాల్వు తిప్పితే చాలు, దానంతటదే పోతుంది. నీళ్ళు పోసి తిప్పి చూపించాడు. రెబ్కా ఆ గొట్టం వైపు, ఆ తర్వాత గోనెపట్టా కప్పిన ఇంజను వైపు చూసింది. ఆ రాత్రి చేపలపులుసు పెట్టింది.

పైకప్పు మీద నీళ్ళపీపా, లోపల కుళాయి, పక్కకి జరిగే తలుపుకి లోపల గడియ, అద్దాలకి రంగు. అన్నీ అయ్యాయి. ముఠా అంతా చూడటానికి వచ్చింది. జయరావు ఒక్కొక్కటే చూపించాడు. "ఇదిగో, అయిపోయాక చేతులు కడుక్కోను కుళాయి, సబ్బుపెట్టె."

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ముందు మహిమ కిసుక్కుమంది. ఆ తర్వాత అందరూ విరగబడి నవ్వారు.

"ఏందర్రా?"

"అయిపోయాక కాదయ్యా మహానుభావా," రెబ్కా కళ్ళు తుడుచుకుంది, ఈసారి నవ్వుతోనే. "మేం ముందు కడుక్కోవాల. ఎక్కకముందు. కారం చేతులతో తలుపు పట్టుకుంటే గడియకంతా కారం. లోపలికొచ్చి కుళాయి ముట్టుకుంటే దానికీ కారం. ఆ వెనక వచ్చినామె గతి?"

ప్రపంచంలో కుళాయిలన్నీ మగవాళ్ళే బిగించారేమో, ఏ కుళాయీ తలుపు బయట లేదు. జయరావు అప్పటికప్పుడు పైపు విప్పి, గొట్టం తిప్పి, తలుపు పక్కన బయటివైపు ఇంకో కుళాయి పెట్టాడు. చేత్తో తిప్పే పని లేకుండా మోచేత్తో నెట్టేది. దాని పక్కనే కొబ్బరినూనె సీసాకి ఒక గూడు అతికాడు. ఈసారి వెల్డింగు చేస్తే ఎవరూ దగ్గలేదు.

*

రెండో కోత సంగతి మాట్లాడటానికి శ్రీమన్నారాయణ బుల్లెట్టు మీద వచ్చాడు. చెడ్డవాడు కాదు. కూలి ఎగ్గొట్టడు, మహిమకి ఎలా ఉందని అడిగాడు కూడా. కానీ షెడ్డులో బండి సంగతి విని మొహం ముడుచుకున్నాడు.

"పంట పండే చోట దొడ్డి పెడతారా? ఎవరైనా వింటే నవ్విపోతారు. ఇన్నేళ్ళూ లేంది ఇప్పుడెందుకు?"

"ఇన్నేళ్ళూ ఉంది అయ్యగారూ," అంది రెబ్కా. "మా కడుపులో ఉంది."

"అదంతా నాకు తెలీదు. నా చేలో కుదరదు."

"మంచిదండి. అట్టాగైతే పక్కూరు పోతాం. అక్కడా కోతకి వచ్చింది, మనుషులు లేక కబుర్లు పెడతన్నారు."

ఆమె ఆ మాట బెదిరింపులా అనలేదు. రేపు వానొస్తుందన్నట్టు అంది. శ్రీమన్నారాయణ జయరావు వైపు చూశాడు, నువ్వయినా చెప్పవయ్యా అన్నట్టు. జయరావు మోచేతి కుళాయిని నెట్టి, నీళ్ళు వస్తున్నాయో లేదో చూసుకుంటున్నాడు.

"సరే. మిమ్మల్ని తెచ్చే ట్రాక్టరుకే తగిలించుకోండి. కానీ డొంకలోనే ఉండాలి. నా గట్టు దాటకూడదు," అని బుల్లెట్టు ఎక్కాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి, నాలుగో కాలు సగం ఒప్పుకున్నట్టే.

*

కోతరోజు పొద్దున్నే ముఠా ట్రాక్టరు తొట్టిలో, వెనక కారం బండి. పాస్టరుగారు వీధిలోకొచ్చి చెయ్యెత్తి దీవించారు, కాస్త దూరం నుంచే. జయరావు కూడా వెళ్ళాడు. డొంకలో బండి నిలిపి, చక్రాలకి రాళ్ళు పెట్టి, డ్రమ్ము చూసుకొని, అవతలగా ట్రాక్టరు నీడన బండికి వీపు తిప్పి కూర్చున్నాడు. వంకాయ కూర దించాక రుచి ఎలా ఉందోనని గుమ్మం చాటున నిలబడే కొత్త కోడలికీ ఆయనకీ ఆ పూట పెద్ద తేడా లేదు.

చాలాసేపు ఎవరూ రాలేదు. సిగ్గు. ఆ తర్వాత నీళ్ళ చప్పుడు, తలుపు జరిగిన చప్పుడు, గడియ పడింది. తాను చేసిన గడియ. మహిమ గొంతు లోపల్నుంచే, "పెద్దమ్మో! బాగుందే!" అని అరిచింది. చేనంతా నవ్వింది. ఇక గడియ పడుతూనే ఉంది, తెరుచుకుంటూనే ఉంది.

ఎండ నడినెత్తికొచ్చింది. వెనక నుంచి నీళ్ళ చప్పుడేమీ లేకుండా అడుగుల చప్పుడు వినిపించి ఆగింది. ఎంతకీ తలుపు జరగలేదు. జయరావు చూడకూడదనుకుంటూనే ట్రాక్టరు అద్దంలోకి చూశాడు. నల్లగొడుగు. శ్రీమన్నారాయణగారి భార్య మల్లేశ్వరమ్మ. కావలి వదిలి, గట్టు దిగి, చేను పొడవునా నడిచి డొంకలోకి వచ్చి నిలబడింది. తప్పులు వెతకడానికి మొగుడు పంపాడనుకున్నాడు జయరావు.

రెబ్కా కూడా చూసి గబగబా వచ్చింది. "ఏం కావాలి అమ్మగారూ?"

మల్లేశ్వరమ్మ గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. ఆమె గొంతు జయరావు కూర్చున్న చోటికి వినీ వినపడనట్టుంది.

"మీరు చేసుకున్నదిగా. నేను పోవచ్చా, రెబ్కా?"

రెబ్కా ముందుకొచ్చి గొడుగు అందుకుంది. "ముందు చేతులు కడుక్కోండమ్మా. కాయ పట్టి చూశారుగా. ఇదిగో నూనె రాసుకొని, మోచేత్తో నెట్టండి."

తలుపు జరిగింది. గడియ పడింది. రెబ్కా తలుపు ముందు గొడుగు పట్టుకొని నిలబడింది.

బయటికొచ్చాక మల్లేశ్వరమ్మ వెంటనే వెళ్ళలేదు. చీర సర్దుకొని, ముఖం తుడుచుకొని, "కాసిని మంచినీళ్ళుంటే ఇవ్వవే," అంది.

"మీ సీసా గట్టు మీద..."

"నేనెప్పుడు తెచ్చుకున్నానే? తాగితే లేవాల్సొస్తుందని ఇన్నేళ్ళూ గొడుగు కిందే కూర్చున్నా."

రెబ్కా నడుముకి వేలాడే సీసా తీసి పట్టుకుంది, ఇవ్వలేదు. "ఇది మా ఎంగిలి సీసా అమ్మగారూ."

మల్లేశ్వరమ్మ చెయ్యి చాచి తీసుకుంది. ఎత్తి పోసుకోలేదు. నోటికి ఆనించుకొనే తాగింది, ఆగకుండా, మెడ మీద నీళ్ళు కారేట్టు, అడుగంటా.

"రేపు దీన్ని గట్టు మీదికి తెప్పించు," అంది సీసా తిరిగిస్తూ. "ఆయనతో నేను చెప్తా. అంత దూరం నడవలేకపోయా."

ఆ సాయంత్రం రెబ్కా సంచి కొక్కేనికి తగిలించగానే జయరావు సీసా తీసి చూశాడు. తలకిందులు చేశాడు. ఒక్క చుక్క రాలింది.

"అంతా తాగావా?" అన్నాడు, తెలిసీ.

"నేను తాగింది సగమే," అంది రెబ్కా చేతులకి నూనె రాసుకుంటూ. "రేపటి నుంచి రెండు సీసాలు నింపు."